లేని చోట రాయి

ఆ రోజుల్లో భద్రాచలంలో కంప్యూటర్ ఉన్న ఆఫీసంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాల్సిన ఆఫీసు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయినా మా గల్లీలో ఆ మర్యాద తగ్గలేదు. మా ఆఫీసులో ఉన్నది ఒకే ఒక కంప్యూటర్. దాని మీద పూల అంచు తువ్వాలు, మానిటర్ నుదుట పసుపు కుంకుమ, పక్కన ఊదుబత్తుల డబ్బా. దాని ముందు కూర్చునే అర్హత ఆ గదిలో నా ఒక్కదానికే ఉండేది. ఖమ్మంలో సివిల్ డిప్లొమా చేసి, ఇల్లందు నుంచి వచ్చి, మా పిన్ని ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెలగబెడుతున్న ఇరవై ఒక్కేళ్ల పిల్లను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లకు నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది. వెంటనే పక్కన కూర్చోబెట్టుకుని ఒక చాయ్ ఇప్పించాలని కూడా అనిపిస్తుంది. (ఈ బ్రాకెట్లు చూసి విసుక్కోకండి. ఈ అలవాటు నాకు ఎక్కడ అంటుకుందో చెప్పడానికే ఇదంతా.)

మాది సర్వే చేసి డ్రాయింగులు గీసిచ్చే చిన్న ఆఫీసు. రోడ్లు, చెక్‌డ్యాములు, మంచినీళ్ల పైపులైన్లు, ఏది వచ్చినా కాదనేవాళ్లం కాదు. యజమాని సత్తుపల్లి వైపు నుంచి వచ్చినాయన. టీ తెమ్మన్నా అర్జెంటు, ఫ్యాన్ వేయమన్నా అర్జెంటు, కాబట్టి వెనకాల ఆయన్ని అర్జెంటు సారు అనుకునేవాళ్లం. (ఎదురుగా ఒట్టి సారే. ఉద్యోగం మీద ఆశ ఉండేది.) అడవిలోకి వెళ్లి కొలిచేది ఇద్దరు. ఒకరు నేల ఎత్తులు చూపించే లెవెల్ మిషన్‌లోంచి చూసి పుస్తకంలో రాసే సర్వే అన్న. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు; విన్నది విన్నట్టు రాయడమే ఆయన మతం. రెండో మనిషి గొలుసు తాత. ఇనుప గొలుసుతో భూమి కొలిచిన కాలం నుంచీ ఇదే పని. గొలుసు పోయి టేపు వచ్చినా ఆయన పేరు మాత్రం గొలుసు దగ్గరే ఆగిపోయింది. అక్షరాలు రావు గానీ టేపు మీది అంకెలన్నీ వచ్చు. కోయ మనిషి, ఇంట్లో వాళ్ల భాష, మాతో తెలుగు. కొలత దొరకగానే ముందు తనలో తాను తన భాషలో అనుకుని, ఆ తర్వాత అడవంతా వినబడేట్టు తెలుగులో అరిచేవాడు. ఆ అరుపు విని సర్వే అన్న పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఆ పుస్తకం నా బల్ల మీదికి వచ్చేది.

ఆ ఎండాకాలం వచ్చిన పని ఒక మంచినీళ్ల పైపులైను. మణుగూరు రోడ్డు మీద ఒక చోట బస్సు దిగి, బండ్లబాట పట్టుకుని వాగు వెంట మూడు కిలోమీటర్లు నడిస్తే అవతలి ఒడ్డున ఇప్పలగుంపు వస్తుంది. పద్నాలుగు ఇళ్లు. అందులో చివరి ఇల్లు గొలుసు తాతది. ఎండాకాలం వస్తే వాగు ఎండిపోతుంది, ఆడవాళ్లు ఇసకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్లు గిన్నెతో తోడి బిందెలు నింపుకుంటారు. ఒక బిందె నిండేసరికి పొద్దెక్కుతుంది. బాట వెంట పైపు వేసి గుంపుకు నీళ్లివ్వాలన్నది స్కీము. సోమవారం సాయంత్రంలోపు డ్రాయింగు ఖమ్మంలో పెద్దాఫీసుకు చేరితే ఆ ఏడు జాబితాలో గుంపు ఉంటుంది. చేరకపోతే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లు ఊళ్లన్నిటికీ కొలతలు కొలిచిన తాత, తన ఊరికి కొలవడం అదే మొదటిసారి.

మామూలుగా అయితే నేను పుస్తకం చూసుకుంటూ ఒక్కొక్క గీతా చేత్తో గీయాలి. కానీ నాకు కొత్తగా లిస్ప్ అనే కంప్యూటర్ భాష పట్టుబడింది. డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేరైన క్యాడ్‌లో ఈ భాషలో నాలుగు ముక్కలు రాసి పెడితే మనం గీయక్కర్లేదు, అదే గీసుకుంటుంది. ఆ భాషలో ఏం చెప్పాలన్నా బ్రాకెట్‌లో పెట్టి చెప్పాలి. బ్రాకెట్‌లో బ్రాకెట్, దాని కడుపులో ఇంకో బ్రాకెట్. కాలేజీలో ఒక సీనియర్ దగ్గర నుంచి జిరాక్స్ చేయించుకున్న పుస్తకం చూసి నేర్చుకున్నాను. (మధ్యలో ఓ పదిహేను పేజీలు జిరాక్స్ మిషన్ మింగేసింది. ఆ పేజీల్లో ఏముందో నాకు తర్వాత తెలిసింది, మీకూ కాసేపట్లో తెలుస్తుంది.) నేను 'గుర్తు' అని ఒక ఫంక్షన్ రాశాను. దానికి వరసగా నాలుగు అంకెలు ఇవ్వాలి: బాట మీద ఎంత దూరం వచ్చామో, అక్కడ ఎడమ పక్క చేను దడి ఎంత దూరమో, కుడి పక్క వాగు గట్టు ఎంత దూరమో, ఆ నేల ఎత్తు ఎంతో. ఈ నాలుగింటినీ ఆ భాషలో ఆర్గ్యుమెంట్లు అంటారు. నాలుగూ ఇస్తే అది దడి గీస్తుంది, వాగు గీస్తుంది, నేల గీస్తుంది. రోడ్డు నుంచి బాట వెంట పదిహేను మీటర్లకొకటి కొట్టిన రెండు వందల మేకులకు రెండు వందల వరసలు. సారుతో ఏమాత్రం తగ్గకుండా చెప్పాను, "వారం పని సార్, ఒక్క పూటలో చేస్తా."

"అర్జెంటు కదమ్మా, అర పూటలో చెయ్యి," అన్నాడాయన.

పుస్తకంలో అంకెలన్నీ టైపు చేసి, ఊదుబత్తి వెలిగించి, ఎంటర్ నొక్కాను. కంప్యూటర్ ఒకే ఒక్క ముక్క అంది. టూ ఫ్యూ ఆర్గ్యుమెంట్స్. ఇవ్వాల్సినవి తక్కువయ్యాయట. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. ఎక్కడ తక్కువయ్యాయో, ఏ వరసలో తక్కువయ్యాయో చెప్పదు. ఇంట్లో మొగుడు అలిగి, ఎందుకలిగాడో చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకుంటాడని మా పిన్ని చెప్పేది, అచ్చం అట్లా ఉండేది దాని వాలకం. నా అనుమానమంతా బ్రాకెట్ల మీదకు పోయింది. ఏదో ఒకటి తెరిచి మూయడం మరిచిపోయి ఉంటాననుకుని మొత్తం కాగితం మీద ప్రింటు తీసి, పెన్సిలు పట్టుకుని, తెరిచినవి ఎన్ని, మూసినవి ఎన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు రోజులు అదే పని. అన్నం తింటూ కూడా వేళ్లు ముడుస్తూ విప్పుతూ ఉంటే పిన్ని చూసి, "ఏందే, జపం మొదలువెట్టినవా? ఏ దేవునికి?" అంది. నా దేవుడు పలకడం లేదని చెప్పాను. బ్రాకెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, అదే నా బాధ.

శుక్రవారం పొద్దున గానీ నాకు బుద్ధి రాలేదు. ఫంక్షన్‌ను వదిలేసి దానికి తినిపిస్తున్న అంకెల వైపు చూశాను. రెండు వందల వరసల్లో ముప్పై ఒక్కదాంట్లో నాలుగు అంకెలకు బదులు మూడే ఉన్నాయి. నేను టైపు చేయడంలో జారిందేమోనని పుస్తకం తీశాను. పుస్తకంలోనూ మూడే. సర్వే అన్నను అడుగుదామంటే ఆయన మలేరియా పట్టుకుని పాల్వంచ వెళ్లిపోయాడు. (ఉన్నా ఆ రోజు కోటా పది మాటల్లో నాకెన్ని దక్కేవో అనుమానమే.) గొలుసు తాతను అడగాలని నాకు తోచనే లేదు. చదువురాని ముసలాయన, ఎండకు సోలిపోయి అక్కడక్కడ ఒక కొలత మరిచిపోయుంటాడు, అంతే కదా అనుకున్నాను. అనుకోవడమే కాదు, సారుతో ఆ మాటే అన్నాను కూడా.

అప్పుడు నాకొచ్చింది బ్రహ్మాండమైన ఆలోచన. మూడే అంకెలుంటే చివర ఒక సున్నా అంటించు, అని రెండు వరసలు రాశాను. నాలుగు కావాలన్నది కదా, నాలుగయ్యాయి. నేల ఎత్తు సున్నా అని వస్తే దాన్ని పట్టించుకోకుండా దాటేయమని ఇంకో ముక్క చేర్చాను. ఎంటర్ నొక్కగానే కంప్యూటర్ కిక్కురుమనకుండా సర్రున గీసుకుంటూ పోయింది. తప్పు లేదు, అలక లేదు. నేను కుర్చీలో ఒక చుట్టు తిరిగాను. సారు అర్జెంటుగా మిర్చి బజ్జీలు తెప్పించాడు. గుంపు ఇళ్ల డ్రాయింగు వేరే ఫైల్లో ముందే గీసి ఉంది, దాన్ని తెచ్చి ఇందులో కలిపాను. సారు బజ్జీ తింటూ తెర వైపు చూసి, "ఇదేంటమ్మా, ఇళ్లు వాగులో ఉన్నాయి?" అన్నాడు. నేను తొణక్కుండా, "ఏజెన్సీ కద సార్, వాగులు ఎట్ల పడితే అట్ల తిరుగుతయ్," అన్నాను. ఆయన ఆ గుంపును చూసినవాడు కాదు, నేనూ చూసినదాన్ని కాదు. చేతి జిడ్డు తుడుచుకుని, "ముంపులో ఉన్న ఇళ్లకి పైపు ఇవ్వరమ్మా. మనమే రాసెయ్యాలి, లేకపోతే మనల్ని అంటారు. కింద నోటు పెట్టు," అన్నాడు. పెట్టాను. 'సదరు ఇళ్లు వాగు ముంపు పరిధిలో ఉన్నందున మినహాయించవచ్చును.' ఎంత చక్కగా టైపు చేశానో, ఒక్క అక్షరం తప్పు పోలేదు.

శనివారం టేపు అప్పజెప్పడానికి గొలుసు తాత వచ్చాడు. చెప్పులు బయట విడిచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాకు నా పనితనం చూపించాలన్న కుతి. రా తాతా అని లోపలికి పిలిచి, గమ్ముతో అంటించిన పొడుగు కాగితాన్ని బల్ల మీద పరిచాను. ఆయన ఒంగి చూశాడు. కాగితాన్ని ఒకసారి ఇటు తిప్పాడు, ఒకసారి అటు తిప్పాడు. బాట దగ్గర వేలు పెట్టి మెల్లగా నడుపుకుంటూ పోయాడు.

"గిది బండ్లబాట. అవ్. గీ నీలం గీత వాగా?"

"అవ్ తాతా."

"గీ డబ్బాలు ఇండ్లా?" అని ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి తన భాషలో లెక్కపెట్టుకున్నాడు. "పద్నాలుగు. గిది మాది, చివరిది. గదికాదు బిడ్డా, మమ్ముల తీస్కపోయి వాగుల పెట్టినవేంది?"

"కంప్యూటర్ గీసింది తాతా, దానికి తప్పు పోదు."

తాత నొచ్చుకోలేదు, గొంతు కూడా పెంచలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగాడు. "కంప్యూటర్ మా ఊరికొచ్చిందా?"

ఆయన నిదానంగా చెప్పుకుపోయాడు. "నేను పుట్టి బుద్ధెరిగినకాంచి వాగు మా గడప తొక్కలే. గోదారికి పెద్ద వరదొచ్చి మీ భద్రాచలం బజార్ల పడవలు తిరిగిన ఏడు గూడ మా ఇండ్లల్లకు చుక్క రాలే. బాటకాంచి మా గుంపు వంద మీటర్లుంటది. వాగు గట్టు ఆరేడు మీటర్లు. నేనే గద కొలిచిన." ఆ తర్వాత కింద ఉన్న నోటు చూపించి, గిదేం రాసినవ్ అన్నాడు. చదివి వినిపించాలి కదా. వినిపించాను. మినహాయించవచ్చును అన్న మాట దగ్గర తాత ఆపాడు. అంటే ఏందని అడిగాడు. మీకు నీళ్లు రావని చెప్పాను. తాత తలపాగా చుట్టుకుని, "నా కోడలు నిండు నెలలతోని ఉన్నది. పొద్దున లేచి చెలమకాడ కూసుంటది," అని మాత్రం అన్నాడు. ఆ మాటలో నన్ను తిట్టింది ఏమీ లేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

అంకెలు ముందేసుకుని అప్పుడు నిజంగా చూశాను. మూడే అంకెలున్న ఒక వరస: అరవై, ఆరు, తొంభై రెండు. బాట మీద దూరం అరవై, వాగు గట్టు ఆరు, నేల ఎత్తు తొంభై రెండు. నేను చివర సున్నా అంటించడంతో ఆరు వెళ్లి ఎడమ దడి అయి కూర్చుంది, నేల ఎత్తు తొంభై రెండు వెళ్లి వాగు గట్టు అయి కూర్చుంది. ఆరు మీటర్లలో ఉన్న వాగును పట్టుకెళ్లి తొంభై రెండు మీటర్ల అవతల పారించాను. గుంపు ఎదుటి మేకుల దగ్గరా ఇదే తంతు, అక్కడ వాగు సరిగ్గా తాత గడపలోకి వచ్చింది. అలిగిన కంప్యూటర్‌ను బుజ్జగించానని నేను మురిసిపోతే, అది నేనన్నదానికల్లా తలూపుతూ నన్ను గోతిలోకి నడిపించిందన్నమాట. (జిరాక్స్ మిషన్ మింగిన పేజీలు సరిగ్గా ఇవేనట. తర్వాత ఒకసారి అసలు పుస్తకం చూశాను. 'ఆర్గ్యుమెంట్ల సంఖ్య, వాటి వరస' అని అధ్యాయం పేరే ఉంది.) సరే, సున్నా చివర కాకుండా ఎడమ పక్క పెడితే పోతుంది కదా అంటారా? నేనూ అదే అనుకున్నాను. కానీ మూడే ఉన్నప్పుడు లేనిది ఎడమో కుడో పుస్తకం చెప్పదు. చెప్పగలిగింది ఆ నేల ఒక్కటే.

ఆదివారం పొద్దున్నే తాతతో కలిసి మణుగూరు బస్సెక్కాను. కొత్త చెప్పులు, మడత నలగని డ్రెస్సు, చేతిలో ఫీల్డు పుస్తకం. బస్సు దిగి నాలుగడుగులు నడిచేసరికి చెప్పు తెగింది, తాత తుమ్మ ముల్లు ఒకటి తెచ్చి గుచ్చి అతికించాడు. మేకుల మీద ఎర్ర రంగు ఇంకా ఉంది. ముప్పై ఒక్క మేకుల నంబర్లు నేను చీటీ మీద రాసుకొచ్చాను. గురి కుదరడానికి బాగానే ఉన్న రెండు మేకుల దగ్గర ముందు కొలిచి చూద్దామన్నాను. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస తాత. ఆయన తనలో తాను ఏదో గొణుక్కుని, గొంతెత్తి అరిచాడు. "ముప్పై. ఎడమ నాలుగున్నర. కుడి ఏడు." రాసుకున్నాను. "నలభై అయిదు. ఎడమ అయిదు. కుడి ఏడు." అదీ రాసుకున్నాను. ఆ తర్వాతది చీటీలో ఉన్న మేకు. "అరవై. ఆరు." అని అరిచి తాత టేపు చుట్టుకుంటూ ముందుకు కదిలాడు.

"ఆగు తాతా. ఆరు కుడియా, ఎడమా?"

"కుడి."

"మరి ఎడమ?"

ఆయన ఎడమ వైపు చూశాడు, నేనూ చూశాను. దడి లేదు, చేను లేదు, ఒట్టి మోదుగ పొదలు. "ఎడమ ఏమున్నది? ఏం లేదు."

"ఏం లేకపోతే ఏం లేదని చెప్పాలి గద."

తాత నా ముఖం వైపు కొత్తగా చూశాడు. "లేనిదాన్ని ఏమని పిలవాలె బిడ్డా? బీడీల తునికాకు కల్లంల కట్టలు లెక్కవెట్టేటప్పుడు ఉన్న కట్టల్నే పిలుస్తం. లేని కట్టను లేదు, లేదు అని పిలుసుకుంట పోతే పిచ్చోడనుకోరా?"

అక్కడే మోదుగ పొద పక్కన కూలబడ్డాను. ముప్పై ఒక్క చోట్ల ఒక్కటి కూడా తాత మరిచిపోలేదు. ఉన్నది ఉన్నట్టు పిలిచాడు. సర్వే అన్న విన్నది విన్నట్టు రాశాడు. ఇద్దరిదీ తప్పు కాదు. లేనిదాన్ని కూడా లేదని చెప్పించుకోవాలని తెలియాల్సింది నాకు. నేనేమో ఒక పెద్దమనిషిని మతిమరుపు మనిషిగా లెక్కగట్టి సారు ముందు చెప్పొచ్చాను. ఏడుపొచ్చింది. తాత నీళ్ల సీసా ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, ఇంకా ఆ లెక్కలోనే ఉన్నట్టు మళ్లీ మొదలుపెట్టాడు.

"ఒక ముచ్చట ఉన్నది గని బిడ్డా. కల్లంల కట్టలు వరసల ఎండవెడతం. వరసకు ఇన్నని ఉంటయ్. నడుమ ఒక కట్ట చెడిపోతే తీసి పారేస్తం. తీసేసిన జాగల ఒక రాయి పెడతం. లేకపోతే పక్క కట్టలు జరిగి వరస చెడిపోతది, లెక్క తప్పుతది."

"అదే తాతా, నాక్కావాల్సింది గదే. నాకు రాయి పెట్టు."

తాత మొఖం విప్పారింది. "గట్ల చెప్పరాదు మొదలే," అని లేచి, మేకు దగ్గరకు వెళ్లి, అడవి దద్దరిల్లేట్టు అరిచాడు. "అరవై. ఎడమ రాయి. కుడి ఆరు." అట్లా సాయంత్రం దాకా ముప్పై ఒక్క మేకులూ కొలిచాం. ఎడమ రాయి, కుడి రాయి, ఒక మలుపు దగ్గరైతే వరసగా అన్నీ కుడి రాళ్లే. మధ్యలో నాకొక ధర్మసందేహం వచ్చింది. నిజంగానే పక్కన రాయి ఉంటే ఏమంటావు తాతా అని అడిగాను. దాన్ని బండ అంటం అన్నాడు. నా జిరాక్స్ పుస్తకంలో కూడా ఇంత స్పష్టంగా ఏదీ చెప్పలేదు. వాగు దాటి గుంపులోకి తీసుకెళ్లి వాళ్ల కోడలి చేత చెలమ నీళ్లు ఇప్పించాడు. ఆ నీళ్లు తాగుతుంటే గ్లాసు అడుగున ఇసక కనబడింది. ఆ పిల్ల నాకంటే ఒకటి రెండేళ్లు చిన్నదై ఉంటుంది.

సోమవారం పొద్దున ఏడింటికే ఆఫీసు తాళం తీయించాను. రాయి ఉన్న చోటల్లా 'నిల్' అని టైపు చేశాను. లిస్ప్‌లో నిల్ అంటే ఏమీ లేదని అర్థం, దానికి రాయి అన్నమాట. ఈసారి ఊదుబత్తి వెలిగించకుండానే ఎంటర్ నొక్కాను. బ్యాడ్ ఆర్గ్యుమెంట్ టైప్, అంది కంప్యూటర్. ఇచ్చినవి నాలుగూ ఉన్నాయి గానీ అంకె ఉండాల్సిన చోట నిల్ ఉంది, దీన్ని పట్టుకుని నేనేం కూడాలి, ఏం తీసెయ్యాలి అని దాని గోడు. అప్పటికి తొమ్మిదయింది. పదిన్నర ఖమ్మం బస్సుకు సారు బయల్దేరాలి. ఆయన కాగితాలు పెట్టుకునే గొట్టం చంకలో పెట్టుకుని నా వెనకాలే నిలబడి, "అయిందామ్మా? పోనీ పాతదే పట్టుకెళ్లనా?" అన్నాడు. గుమ్మంలో గొలుసు తాత ఉన్నాడు. పోనీ పాతదే అన్న మాట విన్నాడు.

నా జన్మలో సారుకు అంత గట్టిగా జవాబు చెప్పడం అదే మొదటిసారి. "పాతది పట్టుకపోతే తాత వాళ్ల ఊరు మునుగుతది సార్. తప్పు నాది, తాతది కాదు. ఆయన ఒక్క కొలత కూడ మరిచిపోలే. నాకు అర్ధగంట ఇయ్యండి."

సారు నన్ను, తాతను మార్చి మార్చి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అర్జెంటేం లేదమ్మా, చూసుకో," అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్న ప్రాణులం లోకంలో మేమిద్దరమే అనుకుంటాను. ఆలోచిస్తే చేయాల్సింది చిన్నదే. కల్లంలో రాయి కనబడ్డ మనిషి దాన్ని తునికాకు అనుకుని మూట కట్టడు కదా, వరసలో దాన్ని లెక్కలో ఉంచి, పక్కదానికి పోతాడు. నా ఫంక్షన్‌కు ఆ ఇంగితం నేర్పాలి. ఎడమ ఉంటే గీయి, రాయి ఉంటే వదిలేయి. కుడి ఉంటే గీయి, రాయి ఉంటే వదిలేయి. రెండే రెండు షరతులు. బ్రాకెట్లు ఒకటికి రెండుసార్లు చూసుకుని మూశాను. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్‌మని ఏడుస్తుంటే సేవ్ చేసి ఎంటర్ నొక్కాను. నీలం గీత తెర మీద బాట పక్కనే, బుద్ధిగా, ఆరేడు మీటర్ల దూరంలో సాగిపోయింది. గుంపు అవతలి ఒడ్డున పొడిగా నిలబడింది. పద్నాలుగు ఇళ్లు.

కరెంటు వచ్చాక ప్రింటు తీసి, గమ్ము తడి ఆరకముందే బల్ల మీద పరిచి, తాతా చూడు అన్నాను. ఆయన బాట మీద వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి నడిచాడు. వాగు దాటాడు. తన ఇంటి దగ్గర ఆగాడు. అప్పుడు వేలు ఎత్తి, కాగితం మీద ఎడమ పక్క దడి గీత లేక ఖాళీగా ఉన్న ఒక చోట పెట్టి, "రాయి," అన్నాడు. సారు గొట్టంలో కాగితం చుట్టుకుని పరుగెత్తాడు. నోటు నేను తీసేసిన సంగతి ఆయన బస్సులో చూసుకున్నాడట.

ఆ ఏడు జాబితాలో గుంపు పేరు వచ్చింది. పైపు వేయడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది (ప్రభుత్వపు ఫంక్షన్లలో ఏ ఆర్గ్యుమెంటు తక్కువవుతుందో దేవుడికే తెలియాలి), కానీ వేశారు. ఆ తర్వాత నేను ఖమ్మంలో పెద్ద ఆఫీసుకు మారాను, పెళ్లయింది, జుట్టు నెరిసింది. ఇప్పుడు నా కింద ఆరుగురు పిల్లలు పనిచేస్తారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉపగ్రహంతో మాట్లాడి కొలతలు తెచ్చుకుంటుంది. అయినా ఎప్పుడో ఒకసారి ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, ఎర్రర్ వస్తోంది, డేటా కరెక్టే," అంటుంది. లేని చోట రాయి పెట్టారా అని అడుగుతాను. మొఖమొఖాలు చూసుకుంటారు. వెనకాల నాకేం పేరు పెట్టారో నాకు తెలుసు. రాళ్ల మేడమ్. అర్జెంటు సారుకు చేసిన పాపం, అనుభవించాల్సిందే.

పోయిన ఎండాకాలం మణుగూరు నుంచి వస్తూ కారు ఆపించి గుంపుకు నడిచాను. ఇప్పుడు బాట సిమెంటుది, ఎడమ పక్క మోదుగ పొదల చోట ఎవరిదో మిర్చి తోట. నల్లా దగ్గర బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు, నీళ్లు వదిలే టైమవుతోంది. తాత కోడలు నన్ను గుర్తుపట్టింది. ఆనాడు కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు పాల్వంచలో నర్సు చదువుతోందట. తాత పోయి రెండేళ్లయిందని ఆమె చెబుతుంటే నేను బిందెల వైపు చూస్తున్నాను. వరసలో అన్నిటికంటే ముందు బిందె లేదు. గుండ్రటి వాగు రాయి ఒకటి ఉంది.

"అదెవరిది?" అన్నాను.

"మా మామది అక్కా. పైపొచ్చిన్నాటి సంది మొదటి బిందె ఆయనదే. ఇప్పుడు లేడు గద," అని ఆమె మామూలుగా చెప్పింది. "వరస చెడద్దని పెడతం."

నల్లా బుస్సుమని గాలి వదిలి, ధారగా నీళ్లు విడిచింది. నేను నా బ్యాగులోంచి ఖాళీ సీసా తీసి, ఆ రాయి వెనకాల పెట్టి వరసలో నిలబడ్డాను.